ఎడమవైపు

1963 ఫిబ్రవరి 11. బళ్లారి ఆసుపత్రి
రేపే ఆపరేషన్. డాక్టరమ్మను మళ్లీ అడిగాను — గడ్డ ఒక్కటే తీసి రొమ్మును వదిలేయడానికి వీల్లేదా అని. ఆమె నా మంచం మీదే కూర్చుంది. "వదిలితే మళ్లా వస్తాది సుశీలా. నాకు నీ ప్రాణం ముఖ్యం." మా ఆయన గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. నేను చూడలేదనుకున్నారు.

ఫిబ్రవరి 12
స్నానం చేశాక ఎడమ రొమ్మును రెండు చేతులతో పట్టుకుని కాసేపు నిలబడ్డాను. సెలవు తీసుకోవడం ఎలాగో తెలియలేదు.

ఫిబ్రవరి 27
కట్లు విప్పారు. చూసుకున్నాను. ఎముకల మీద చర్మం. కుట్లు చంక దాకా.

మార్చి 10. గుత్తి
ఇల్లు. ఆయనకు గూడ్సు బండి గార్డు ఉద్యోగం, వేళాపాళా లేదు. ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం మంచం వరండాలో వేసుకుంటున్నారు. "నిద్దట్లో చెయ్యి తగిలితే నొప్పి పుడ్తాది నీకు" అంటారు. నొప్పి ఎప్పుడో తగ్గింది. చెప్పలేదు.

మార్చి 16
గోడ మీద వేళ్లు పాకిస్తూ చెయ్యి పైకెత్తాలి — డాక్టరమ్మ చెప్పిన కసరత్తు. ఈ రోజు కిటికీ పైదాకా వెళ్లాయి.

మార్చి 22
క్వార్టర్సు బావి అడుగంటింది. బిందెల వరుసలో ఆడవాళ్ల చూపులన్నీ ఒక్కచోటే. కొంగు లాక్కుని, లాక్కుని...

మార్చి 26
ఉగాది. పేరంటానికి పిలిచారు. వెళ్లలేదు.

మార్చి 28
పక్కింటి ఖాసింబీ రవికెలు కుడుతుంది. తనే వచ్చి తలుపు వేసింది. నేను లోపల కుక్కుకున్న దూది తీసి చూసింది. "దూది పెడితే పైకెగరతాది అక్కా. బరువుండల్ల." కుడివైపు కొలత తీసుకుంది. సిగ్గేయలేదు. ఇంటికొచ్చాక నన్నొకరు ముట్టుకోవడం అదే మొదలు.

మార్చి 31
గుండ్రటి గుడ్డసంచి, నిండా కొర్రలు. రవిక లోపల దానికొక జేబు. అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడితే — పాత సుశీల. చాలాసేపు కదల్లేదు. మధ్యాహ్నానికి ఒంటివేడికి అదీ వెచ్చబడింది. కానీ చెయ్యి వేస్తే చేతికే తెలుస్తుంది. ఒంటికి తెలియదు.

ఏప్రిల్ 6
బళ్లారి వెళ్లొచ్చాం. గాయం బాగా మానిందట. డాక్టరమ్మ ఒక మాట చెప్పింది — మద్రాసులో ఒక సర్జన్ ఉన్నాడట, పొట్ట మీది చర్మాన్ని మెల్లమెల్లగా పైకి తెచ్చి రొమ్ము ఆకారం చేస్తాడట. "ఒగసారితో అయ్యేది కాదు. ఏడాది పడ్తాది. ముందు మాదిరి అచ్చంగా రాదు." తిరుగు బండిలో ఆయన్ని అడిగాను.
"మళ్లా కత్తులా? ఎందుకు? ఇప్పుడెవురు చూడొచ్చినారు?"
ప్రేమగానే అన్నారు. కిటికీ బయట ఎండిన చేలు. ఆ తర్వాత గుత్తి కోట.

ఏప్రిల్ 7
నేను చూస్తాను కదా.

ఏప్రిల్ 19
మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చారు. అన్నం పెట్టాను. ఆయన చెయ్యి కడుక్కున్నాక తలుపు గడియ వేసి రవిక విప్పాను. "చూడండి" అన్నాను.
తల దించుకున్నారు. నేను అలాగే నిలబడ్డాను. తర్వాత చూశారు. కుట్ల వెంబడి మెల్లగా వేలు...
"ఈడ తెలుస్తాందా?"
"లేదు."
"ఈడ?"
"లేదు."
చంక దగ్గరికి వచ్చాక — "ఆఁ. ఆడ తెలుస్తాంది."
వేలు అక్కడే ఉంచారు. "నీకు నొప్పని కాదు నేను బయట పండుకున్నది. నేను చూసేటప్పుడు నువ్వు నా మొగం చూస్తావని భయపడినా."
చూశాను. ఏడుస్తున్న మొహం. అంతే.

ఏప్రిల్ 20
మంచం లోపలికి వచ్చింది.

ఏప్రిల్ 23
పొద్దున కాఫీ తాగుతూ అన్నారు — "మద్రాసుకు పోదామంటే పోదాం. సెలవు అడుగుతా." ఇన్నాళ్లూ ఆ మాట కోసమే కాచుకున్నాను. తీరా వచ్చాక, ఆయన దగ్గరున్నప్పుడు వద్దనిపిస్తుంది. స్నానానికి చీర విప్పితే కావాలనిపిస్తుంది. బూట్లు తొడుక్కుంటూ ఎదురుచూశారు. "నిదానంగా చెప్పు" అని వెళ్లిపోయారు.
సాయంత్రం వచ్చి అడుగుతారు. నాకు కావలసింది నా రొమ్మే. అది మద్రాసులో దొరకదు. అయినా వద్దని చెప్పడానికి నోరు రావడం లేదు...