తొట్టి చుట్టూ ఇసుక

ఏమోయ్,

ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని నువ్వు రాశావు, కాదని మీ చెల్లెలు చెప్పింది. ఇద్దరిలో ఎవర్ని నమ్మాలో నాకు తెలుసు కాబట్టి ఆ సంగతి తర్వాత తేల్చుకుందాం. ముందు ఒక్క మాట. నెలాఖరుకి ఆ ఆసుపత్రి లాండ్రీలో పని మానేసి ఇంటికొచ్చేస్తానని రాశావు కదా, ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకు మీ సూపర్‌వైజరుతో ఆ మాట అనకు. ఇప్పటికే అనేసి ఉంటే, తొందరపడ్డానని చెప్పి వెనక్కి తీసుకో. ఎందుకని ఇప్పుడే అడక్కు. నేను ఏదైనా చెప్పాలంటే చుట్టూ తిరిగి అక్కడికి రావాలి, నా సంగతి నీకు తెలియంది కాదు.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. చెబుదామనే చేశాను, ఒకసారి కాదు. నీ గొంతు వినపడగానే "అంతా బాగుంది, గడ్డి మోకాలెత్తు ఉంది" అని నోటికి అదే వచ్చేస్తుంది. కాగితమైతే "ఇంకా ఏంటి సంగతులు" అని నవ్వుతూ అడగదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. మీ నాన్న మోకాలి నొప్పి తగ్గలేదు, నోరు మాత్రం తగ్గింది. ఇన్నేళ్ళూ నేను టార్చిలైటు కొంటే తప్పు, గొడుగు వేసుకుంటే తప్పు, గొర్రెల్ని పేరుపెట్టి పిలిస్తే తప్పు అన్న మనిషి ఇప్పుడు ఏమీ అనడం లేదు. పొద్దున గుమ్మంలో కూర్చుంటే మళ్ళీ అన్నానికే లేస్తున్నాడు. తిట్టని మామగారితో ఒక ఇంట్లో ఉండటం ఇంత కష్టమని నాకెవరూ చెప్పలేదు. కప్పు కారుతోందా అని అడిగావు. కారడానికి వాన పడాలిగా. ఇల్లు ఊడుస్తున్నావా అని కూడా అడిగావు. ఊడుస్తున్నానే తల్లీ, పొద్దునా సాయంత్రం ఊడుస్తున్నాను. తలుపు కింద గోనెపట్టా కుక్కినా ఆగడం లేదు. పక్క దులిపితే చాటెడు ఇసుక, పిండి డబ్బా మూత తీస్తే అందులో ఇసుక. మీ నాన్న తింటూ తింటూ ఆగి, పళ్ళ మధ్య కరకరమంటే నా వైపు చూస్తాడు, మళ్ళీ నములుతాడు.

దొరసాని ఇంకా నా చొక్కా గుండీలు నములుతోందా అని రాశావు. తల్లి చచ్చిపోతే నువ్వు సీసాతో పాలు పట్టి పెంచిన గొర్రెపిల్లని అడక్కుండా ఉంటావా. దాని సంగతి కాస్త ఆగి రాస్తాను.

మీ చెల్లెలు పోయిన వారం వచ్చి వెళ్ళింది. నిన్ను చూసొచ్చాక దాని మొహం మొహంలా లేదు. బ్లీచింగు నీళ్ళకి నీ వేళ్ళ సందుల్లో చర్మం లేచిపోయిందట, రాత్రిళ్ళు చేతులకి గుడ్డ చుట్టుకుని పడుకుంటావట. నాకేమో "ఇక్కడి సబ్బుకి చేతులు తెల్లబడ్డాయి, నువ్వు గుర్తుపట్టలేవు" అని రాశావు. చదివి మీ నాన్నకి కూడా వినిపించాను, ఇద్దరం సంతోషించాం. ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. కానీ నిన్ను ఏ మొహం పెట్టుకుని తిట్టను, నేను మాత్రం తక్కువ తిన్నానా? మన ఉత్తరాలు ఇసుక తక్కెడ, పేడ తక్కెడ. ఇసుక తక్కెడ నాది, అది కూడా నిజం ఇసుకే.

ఇక చెప్తాను విను. మన పచ్చిక పోయింది.

ఎండిపోయింది అనడం లేదు, ఎండితే మళ్ళీ చిగురిస్తుంది. పోయింది. ఎగువ వాలు మీద గడ్డి చిరిగి, లోపలి ఇసుక బయటపడి, గాలికి లేచి దిగువ గడ్డి మీద పడుతోంది. ఆ ఇసుక కింద పడ్డ గడ్డి ఊపిరాడక చస్తోంది, అక్కడా ఇసుక తేలుతోంది. మట్టి పరీక్ష ఆఫీసుకి అర్జీ పెట్టుకుంటే ఒకావిడ వచ్చింది. ఏదో మందు రాసిస్తుంది, తెచ్చి చల్లుతాను అనుకున్నాను. ఆవిడ మందూ గిందూ ఏమీ తేలేదు, పార అడిగింది. ఇంకా గడ్డి ఉన్నచోట నడుంలోతు గుంట తవ్వించి, దిగి నిలబడి, నన్ను కూడా దిగి చూడమంది. ఇన్నేళ్ళు ఆ నేల మీద పడుకున్నాను గానీ దాన్ని పక్కనుంచి ఎప్పుడూ చూడలేదే. పైన నాలుగు వేళ్ళ మందం నల్లటి మట్టి, దాన్నిండా వేర్లు, నువ్వు బిగించి అల్లిన జడలా. అంతే. ఆ కింద ఎంత తవ్వినా పాలిపోయిన ఇసుక. ఆవిడ పైమట్టి తడిపి పిడికిట్లో నొక్కితే ముద్దయింది. కింది ఇసుక తడిపి నొక్కి చెయ్యి తెరిస్తే వేళ్ళలోంచి జారిపోయింది. మనం బతికింది ఆ నాలుగు వేళ్ళ మీద.

అప్పుడు ఆవిడ అన్న మాట నాకు నిద్రలో కూడా వినపడుతోంది. "ఈ నేల గడ్డికి పనికొస్తుందండీ, మేతకి పనికిరాదు."

గడ్డి ఉంటే మేత కాదా అని అడిగాను, కాస్త వెటకారంగానే. ఆవిడ ఏమీ అనుకోకుండా చెప్పింది. గొర్రె తింటూ నడిచిపోతే ఈ నేల ఓర్చుకుంటుందట, ఒకేచోట నిలబడితే ఓర్చుకోదట. నిలబడ్డచోట డెక్కలకి పైపొర తెగుతుంది, తెగినచోట గాలి దూరుతుంది. గాలి ఒకసారి దూరిందంటే వేర్లు కింద పట్టు లేక వేలాడతాయట. నిలబడటానికి మా గొర్రెలకి ఏం పనండీ అన్నాను. ఆవిడ గుంటలోంచి పైకెక్కి అటూ ఇటూ చూసి, అదేంటి అని వేలు పెట్టి చూపించింది.

చూపించింది నీ తొట్టినే.

ఈ ముక్క రాయకుండా ఉందామనే ఇన్నాళ్ళూ గడ్డి మోకాలెత్తు ఉందని రాశాను. కానీ రాయకపోతే, గడ్డి ఎందుకు పోయింది, నువ్వేం చేశావు అని వచ్చి అడుగుతావు, అప్పుడు నీ మొహం చూస్తూ చెప్పాల్సొస్తుంది. నువ్వు వెళ్ళిన మొదటి ఏడాది, మేమిద్దరం ఎండలో వాగుదాకా మందని తోలుకెళ్ళలేకపోతున్నామని, మోటారూ సిమెంటు తొట్టీ పెట్టించావు. దానికి నేను నీలం రంగు వేశాను. దారినపోయే ప్రతివాణ్ణీ పిలిచి మా ఆవిడ పంపింది అని చూపించాను. అంతకుముందు మంద పొద్దున్నే బయల్దేరి మేస్తూ వాగుకి పోయేది, ఇంకో దారిన మేస్తూ తిరిగొచ్చేది. తొట్టి వచ్చాక నడిచే పనేముంది వాటికి? తాగడం, అక్కడే పడుకోవడం, లేచి మళ్ళీ తాగడం. నేనూ దాని నీడలోనే పడుకున్నాను, హాయిగా ఉందని నీకు రాశాను కూడా. మొదట తొట్టి చుట్టూ నేల బోడిగా అయింది, తర్వాత గుంట పడింది. తెలివైనవాణ్ణి కదా, ఆ చోటుకి విశ్రాంతి ఇద్దామని తొట్టిని ఇంకోచోటికి జరిపించాను. అక్కడా గుంటపడితే మరోచోటికి. ఒక్క పుండు ఉన్న నేలకి మూడు చేశాను. ఇప్పుడు ఆ మూడూ కలిసిపోయాయి.

తొట్టి ఎక్కడిది అని ఆవిడ అడిగితే మా ఆవిడ పంపిందన్నాను. ఆవిడ అందులో చేతులు కడుక్కుని, నీళ్ళు చల్లగా ఉన్నాయండీ అంది.

చూడు, ఏడవకు. నీ తప్పు ఇసుమంతైనా లేదు. నువ్వు నా కాళ్ళ గురించి ఆలోచించావు, గొర్రెల కాళ్ళ గురించి ఆలోచించాల్సింది నేను. మీ నాన్న తొట్టి వద్దని మొదట్లోనే గొణిగాడు గానీ, ఆయన గొడుగు కూడా వద్దన్నాడు కాబట్టి పట్టించుకోలేదు. ఆయన "నేను చెప్పానా" అని ఒక్కసారి కూడా అనడం లేదు. అంటే బాగుండును.

ఏం చెయ్యమంటారు అని ఆ మట్టి మేడంని అడిగాను. కంచె వెయ్యాలి, గడ్డి పరచాలి, పిలకలు నాటాలి, ఒక్క డెక్క కూడా పడనివ్వకుండా పదేళ్ళు వదిలెయ్యాలి అంది. పదేళ్ళకి వస్తుందా అన్నాను. "నమ్మకంగా చెప్పలేనండీ. గుంట ఇప్పుడు గొర్రె లేకపోయినా తనంతట తానే పెరుగుతుంది" అంది. పాపం ఆవిడకి అబద్ధం చెప్పడం రాదు. నేను నాటిన పిలకలు రెండు గాలులకి వేర్లతో సహా లేచిపోయాయి.

అందుకని మందని అమ్మేశాను. బేరగాడు లారీ తెచ్చాడు. బక్కచిక్కి ఉన్నాయని పెదవి విరిచినా అన్నిట్నీ ఎక్కించుకున్నాడు, దొరసానితో సహా. అది నేనూ వస్తున్నాననుకుందేమో, మొరాయించకుండా ఎక్కింది. మీ నాన్న లారీ వెనక చెక్క పట్టుకుని నిలబడ్డాడు. "అక్కడ మేత ఉందా బాబూ?" అని బేరగాణ్ణి అడిగాడు. వాడు ఒక్కక్షణం నా మొహం చూసి, బోలెడంత ఉంది తాతా అన్నాడు. అవి ఎక్కడికి పోతున్నాయో మీ నాన్నకి తెలియదా? ఆయన నాకన్నా ముందు నుంచీ గొర్రెలు అమ్మినవాడు. అయినా, "సరే బాబూ" అని చెయ్యి తీశాడు. నేను దొడ్డివెనక్కి వెళ్ళి ఏడ్చాను. నీకు కాకపోతే ఎవరికి చెప్పుకుంటాను.

కాబట్టి రావద్దు. ఎన్ని ఉత్తరాల్లో తొందరగా రా అని రాశాను, ఇప్పుడు నేనే వద్దంటున్నాను. నువ్వు వస్తే చూడ్డానికి ఖాళీ దొడ్డి, నీలం తొట్టి, ఊడ్చిన కొద్దీ ఇసుక, మాట్లాడని మీ నాన్న. తినడానికి నీ జీతం తప్ప ఏమీ లేదు. చేతుల చర్మం ఊడిపోతున్న పెళ్ళాన్ని ఇంకా ఆ నీళ్ళలోనే చేతులు పెట్టమని అడుగుతున్నాను, ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఏ మొగుడూ చెయ్యడు. రబ్బరు తొడుగులు ఇమ్మని గట్టిగా అడుగు. ఇవ్వకపోతే కొనుక్కో, ఈ నెల మాకు తక్కువ పంపినా సర్దుకుంటాం.

మీ నాన్నని మీ చెల్లెలు తీసుకెళ్తానంది. ఆయన ఊ అనలేదు, ఉహూ అనలేదు. ఆయన్ని అక్కడ దింపితే నాకిక్కడ పనేం లేదు. తడి దుప్పట్లు ఎత్తి ఆరబెట్టే పనికి మగవాళ్ళని తీసుకుంటారని ఒకసారి రాశావు. ఖాళీ ఉందేమో మీ సూపర్‌వైజరుని అడుగు. ఏం చేసేవాడు అని ఆవిడ అడిగితే గొర్రెలు కాసేవాడని మాత్రం చెప్పకు, మరి ఎందుకు మానేశాడు అంటుంది. ఇంతవరకు ఏ పనీ నేర్చుకోలేదని చెప్పు.

ఇట్లు,
నీ మొగుడు