పిస్టన్ వచ్చేదాకా

కడెం కాంపు

నవతా, నేను బాగున్నాను, నువ్వూ పాపా క్షేమమని తలుస్తున్నాను.

ఇక్కడ సిగ్నల్ లేదు, అందుకే చేపల బండివాళ్ళకు ఈ కార్డు ఇస్తున్నాను. పాపను తొట్టెలలో వేసి పేరు పెట్టే వేడుకకు రాలేకపోతున్నాను. బ్యాగు సర్దుకుని పడవెక్కాను గాని, నీళ్ళ నడుమ పాత టూ స్ట్రోక్ మోటారు కీచుమని ఆగిపోయింది. తెడ్లు వేసి ఒడ్డుకొచ్చాం. తాడు లాగితే బిగువు లేదు. ప్లగ్గు తీసి రంధ్రం మీద వేలు పెట్టి చూశాను, గాలి వేలిని నెట్టడం లేదు. విప్పితే పిస్టన్ పక్కంతా గీసుకుపోయింది, రింగులు అతుక్కుపోయాయి. పెట్రోల్లో ఆయిల్ కలపడం మరిచారట. సిలిండరు మాత్రం బాగానే ఉంది. కొత్త పిస్టన్ హైదరాబాద్ నుంచి రావాలి.

"జర ఆయిల్ పోసి గట్లనే నడిపిద్దాం" అన్నారు కొందరు. అలా నడిపితే సిలిండరూ పోతుంది, అవతల వేసిన అందరి వలలూ నీళ్ళలోనే ఉండిపోతాయి. కాంపు పెద్ద పోశెట్టి నా బ్యాగు వైపు చూసి, "నువ్వు పోతె దీన్ని ఎవలు బిగిస్తరు కొడుకా?" అన్నాడు. బ్యాగు దించాను.

అత్తమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నువ్వు చన్నీళ్ళు ముట్టకు. పాప నీలా ఉందా, మా అవ్వలా ఉందా? మామకు, అత్తమ్మకు దండాలు చెప్పు.

తొట్టెల నా కోసం ఆపకు. పేరు నువ్వే దాని చెవిలో చెప్పు. వెంటనే కార్డు మీద రాసి పంపు, ఇక్కడ నేనూ పిలుచుకుంటాను.

నీ భూమేశ్