వూడాంగ్ కొండ మీద నీ ఫొటో

రవీ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. అమెరికాలోని ఈ డబ్లిన్‌లో నీతో శనివారాలు ధ్యానం చేసిన బ్యాచ్ చైనా వెళ్లొచ్చింది. వూడాంగ్ కొండ మీద, తావో గుడి ముందు, నీ ఫొటోని మధ్యలో పెట్టుకుని పది రోజులు కూర్చున్నారట. ఆ వీడియో చూపించడానికి ఇవాళ మనింటికొచ్చారు.

"అన్న ఎనర్జీ అక్కడ ఫీల్ అయినం వదినా," అన్నాడు సుధాకర్. నేను టీ కలపడానికి లేచాను.

వాళ్లు నిన్ను ఏటా పిలిచేవారు. నువ్వు ఏటా సూట్‌కేస్ దించేవాడివి. "దేశం దాటితే తిరిగి రావడానికి మళ్లీ వీసా స్టాంపింగ్. అది ఆగితే జాబ్ పోతుంది. గ్రీన్ కార్డ్ వచ్చాక వెళ్దువుగాని," అని నేనే దాన్ని లోపల పెట్టించేదాన్ని. నువ్వు గరాజ్‌లో కారు పక్కన మ్యాట్ వేసుకుని, గోడకంటించిన ఆ కొండ బొమ్మ ముందు కళ్లు మూసుకునేవాడివి. పక్కనే వాషింగ్ మెషీన్ గడగడమంటున్నా ఆపమనలేదు. నేనూ ఆపలేదు.

"మీ సపోర్ట్ వల్లనే అన్న అన్నేండ్లు ప్రాక్టీస్ చేసిండు," అంటూ సుధాకర్ ఫొటో తిరిగిచ్చాడు.

అది ఏ ఫొటోనో వాళ్లకి చెప్పలేదు. ఒక ఏడాది తెగించి, వీసా స్టాంపింగ్ కోసమని నువ్వు తీయించుకున్నది. నేను వాడనివ్వనిది.