గంగాధర్ కట్టుకున్న కార్టన్

శుక్రవారం, బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంప్

పక్క మంచం గంగాధర్ కొన్నాళ్ళుగా నిద్రపోవడం లేదు, గోడతో మాట్లాడుతున్నాడు. ఆస్పత్రికి రానన్నాడు. అందుకే పొద్దున నేనే అబద్ధమాడాను.

“నీ టికెట్ వచ్చింది తమ్మీ, నడువ్, ఎయిర్‌పోర్ట్‌కు పోదాం.”

ఎంత సంబరపడ్డాడో! బిడ్డకు కొన్న బొమ్మలు, దుప్పటి కార్టన్‌లో సర్ది, తాడుతో బిగించి, పైన ఊరి పేరు రాసుకున్నాడు. కారు ఆస్పత్రి ముందు ఆగగానే నా చెయ్యి పట్టుకున్నాడు.

“అన్నా, ఇది ఎయిర్‌పోర్ట్ కాదు గదనే?”

డ్రైవర్, నేను కలిసి వాణ్ణి దింపాం. ఎందుకొచ్చాడో అతనికి తెలుసా అని డాక్టరమ్మ నన్నడిగింది. తెలుసన్నాను. వాణ్ణి అక్కడే చేర్చుకున్నారు.

కార్టన్ ఇప్పుడు నా మంచం కింద ఉంది. వాడికి మందు అవసరమే, కాదనను. కానీ నయమయ్యాక నిజంగానే టికెట్ వస్తే... నడువ్ తమ్మీ అని ఏ నోటితో పిలవను?