ఆరో వేలు రాసినందుకు

ఢిల్లీ, కటవారియా సరాయ్‌లో అద్దెకుంటున్న తెలుగు పత్రికా విలేకరి ముదునూరి పెద్దిరాజు అనే నేను, నలభై ఆరేళ్ళ వయసులో, స్వస్థచిత్తంతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగానే ఉంది. కానీ కింద మోటార్ సైకిల్ ఆగిన ప్రతిసారీ కలం ఆపి, అది వెళ్ళిపోయేదాకా వింటున్నాను. మొన్న అశోకా రోడ్డులో హనుమయ్య భోజనశాలలో భోంచేసి బయటికొస్తుంటే ఇద్దరు నా స్కూటరుకు అడ్డంగా నిలబడి, టీచరైన నా భార్య ఏ బస్సులో బడికి వెళ్తుందో నాకే చెప్పారు. అందుకే ఈ తొందర.

1. నా ప్రావిడెంట్ ఫండు, స్కూటరు, పుస్తకాలు నా తదనంతరం నా భార్య సీతారత్నానికి చెందాలి. స్కూటరును ఎడమవైపుకు వంచితేగాని స్టార్ట్ కాదు. రత్నం, నాకు చాలా భయంగా ఉంది. నీ ముఖం చూసి చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

2. గోడ కూలిన ప్రమాదం మీద నేను రాసిన రెండో వార్తను సొరుగులో పడేసి, వారం రోజులుగా “ఠీక్ హై, చూద్దాం” అంటున్న మా బ్యూరో చీఫ్ దశరథ్ గారికి నా గొడుగు. ఆయనకు తడవడమంటే మహా భయం.

3. తాపీ పనివాడు సత్తయ్యకు నా చేతి గడియారం. వసంత్ కుంజ్ వైపు కడుతున్న ఇళ్ళలో గోడ కూలి ఐదుగురు పాలమూరు కూలీలు చనిపోతే కాంట్రాక్టరు ఇద్దరే అన్నాడు. ఐదుగురని నాకు చెప్పినవాడు సత్తయ్య. పేరు దాస్తానని ఒట్టేశాను, దాచాను. కానీ వార్తకు ప్రాణం రావాలని ‘కుడిచేతికి ఆరు వేళ్ళున్న మనిషి’ అని రాసి, ఆ వాక్యం చూసుకుని మురిసిపోయాను. రెండు రోజులు ఆలస్యంగా వచ్చే తెలుగు పేపరు ఢిల్లీలో ఎవడు చదువుతాడులే అనుకున్నాను. కూలీలను తెచ్చిన గుంపు మేస్త్రి చదివాడు. ఆ చేతినే ఇనుప రాడ్‌తో చితక్కొట్టారు. ఇక అది తాపీ పట్టలేదు. ఈ తప్పు నాదే.

4. నల్ల అట్ట నోటుబుక్కులో, ప్రమాదం చూసిన మరో నలుగురి పేర్లూ ఊళ్ళూ ఉన్నాయి. కాంట్రాక్టరు మనుషులు నన్ను బెదిరిస్తున్నది దానికోసమే. నా తదనంతరం సీతారత్నం దాన్ని ఎవరికీ చూపకుండా పొయ్యిలో వెయ్యాలి.

ఇంతవరకు రాసి, సాక్షి సంతకానికి భోజనశాల హనుమయ్యను పిలిపించాను. ఆయన వెంట చేతికట్టుతో సత్తయ్య కూడా వచ్చి, చదివి వినిపించమన్నాడు. నాలుగో అంశం దగ్గర నన్ను ఆపాడు. “కాలవెడితె సచ్చినోళ్లు మళ్ల సస్తరు సారూ. పోయినపారి పేరు దాసి ఏలు రాసినవ్. ఈపారి పేరే రాయి” అన్నాడు. మిగతా నలుగురితోనూ తానే మాట్లాడి, పేర్లు బయటపెట్టడానికి ఒప్పించి వచ్చాడట.

కాబట్టి నాలుగో అంశాన్ని నా ఇష్టపూర్వకంగా రద్దు చేస్తున్నాను. నోటుబుక్కు సత్తయ్యకు చెందుతుంది. రేపు పొద్దున ఇద్దరం కలిసి దాన్ని కోర్టులో దాఖలు చెయ్యబోతున్నాం. నా భయం ఏమీ తగ్గలేదు. ఈలోపు నాకేమైనా అయితే అతడొక్కడే వెళ్తాడు. ఇది చదివేవారు ఎవరైనా సరే, అతణ్ణి ఒంటరిగా వెళ్ళనివ్వకండి.

ఢిల్లీ, 1986 మార్చి 9, ఆదివారం.

(సం.) ముదునూరి పెద్దిరాజు

సాక్షులు:
1. హనుమయ్య, భోజనశాల, అశోకా రోడ్డు (సంతకం)
2. సత్తయ్య, తాపీ పని, పాలమూరు జిల్లా (వేలిముద్ర)