బోదకాలు లేని ఇల్లు

విశాఖపట్నం, మంగళవారం.

అక్కయ్యకు తమ్ముడు వీరరాఘవులు దణ్ణం పెట్టి రాస్తున్నాను. మన నాగసుధకి డాక్టరేట్ వచ్చేసింది!

దోమల వల్ల బోదకాలు ఇంటింటికీ ఎలా పాకుతుందో లెక్క కట్టింది మన పిల్ల. యూనివర్సిటీ హాల్లో తెర మీద మన ఊరి బొమ్మ వేసింది, ఇంటికో చుక్క. జబ్బున్న ఇల్లు ఎరుపు, లేనిది పచ్చ. మనది పచ్చ! అందరికంటే ముందు నేనే చప్పట్లు కొట్టాను.

ఒక పెద్దాయన లేచి, "పచ్చ ఇళ్ల పక్కన కొత్త కేసులెలా వచ్చాయమ్మా?" అని అడిగారు.

"దాచేస్తారండి. ఈ పచ్చ చుక్క మా ఇల్లేనండి. మా మేనత్తకి ముప్పయ్యేళ్లుగా బోదకాలు. సర్వేకి ఎవరొచ్చినా మా నాన్నగారు 'ఆయ్, మా ఇంట్లో ఎవరికీ లేదండి' అంటారు. ఆ అబద్ధం కూడా కలిపాకే నా లెక్క కుదిరిందండి" అంది.

హాలంతా చప్పట్లు. నా చేతులు లేవలేదు అక్కా.

సంబంధాలు తప్పిపోతాయని నిన్ను వెనక గదిలో దాచాను. మాత్రలు కూడా అందనివ్వలేదు.

గేదె ఈనిందా? కాలు సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకుంటున్నావా? ఈసారి సర్వేకి నర్సమ్మ వస్తే వీధి అరుగు మీద కూర్చుని నీ పేరు నువ్వే రాయించు. కావాలనే కవరు కొనకుండా కార్డు రాశాను. పోస్టుమాన్ చదివినా చదవనీ.

పిల్లని దీవించు. నన్ను దీవించాలో లేదో నీ ఇష్టం.

నీ తమ్ముడు