స్టెప్నీకి బొట్టు

ఆదివారం, దసరా అయిన మూడో రోజు. బీదర్.

మూడుసార్లు కడిగినా గోళ్ళలో నలుపు పోలేదు. ఉండనీ, ఈరోజు అదే నాకు గోరింటాకు.

హళ్ళిఖేడ్‌లో చుట్టాలింటి నుంచి అత్తమ్మ, మా ఆయన, నేను వస్తుంటే వెనక టైరు పంక్చరైంది. మరిది హైదరాబాద్ జీతంతో కొన్న కారు, నడిపేది నేను. పక్కకు ఆపి హ్యాండ్‌బ్రేకు లాగి, ముందు చక్రానికి రాయి అడ్డం పెట్టాను. మా ఆయన నేరుగా జాకీ ఎత్తబోయాడు.

"ఆగుండ్రి! కింద ఉన్నప్పుడే బోల్టులు వదులు చెయ్యాలె. లేపినంక బలంగ తిప్పితే కారు జాకీ మీది నుంచి జారుతది."

"నీకెట్ల ఎరుక?"

"డ్రైవింగ్ స్కూల్ల నేర్పిండ్రు. మీరు నవ్విండ్రు గద!"

స్టెప్నీ తీయగానే అత్తమ్మ అడ్డం నిలబడింది. దసరా పూజలో నాలుగు టైర్లకే బొట్లు పెట్టి, డిక్కీలో ఉన్న దీన్ని మరిచాం.

"పూజ లేని చక్రం మీద నేను కూసోను."

చుట్టాలిచ్చిన కుంకుమ పొట్లం విప్పి తనే బొట్టు పెట్టింది. చక్రం బిగించి, జాకీ దించాక మళ్ళీ గట్టిగా బిగించాను.

స్టార్ట్ చేస్తే డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు!

"చూసినవా, స్టెప్నీకి ఇంకా అలుగుడు పోలే," అంది అత్తమ్మ.

నేను లాగిన హ్యాండ్‌బ్రేకు నేనే దించలేదు. దించగానే లైటు ఆరింది. పడీపడీ నవ్వాం.

రేపు పొద్దున్నే బోల్టులు ఇంకోసారి చూడాలి, బిగువు చాలిందో లేదో...

ఇంటికొచ్చాక అత్తమ్మ మిగిలిన కుంకుమ నా నుదుట పెట్టింది.

"పూజ దినం టైరునే గాదు, డ్రైవర్‌ను బీ మర్చిపోయినం."